మూడు వందల పదిహేడో నంబరు

జిజిగా
మెస్కెరెమ్ 12

జెనెబెచ్ అక్కకి,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు ఆలస్యంగా చెబుతున్నాను, తిట్టకు. పండగ రోజున మా శిబిరంలో గొర్రెను కోశారు. గొర్రె చిన్నది, మేం చాలామందిమి. నా వాటాకి ఎముక వచ్చింది. మీ బిషోఫ్తులో ఈపాటికి గట్లంతా పసుపు పూలు పూసి ఉంటాయి. ఇక్కడ దుమ్ములో ముళ్ళకంప తప్ప ఏదీ మొలవదు.

అసలు సంగతి విను. మా ముసల్దాన్ని, అదే నా ట్యాంకు మూడు వందల పదిహేడుని, మీ వర్క్‌షాపుకే పంపిస్తున్నారు. కొత్త ఇంజను, చీకట్లో కనపడే అద్దాలు, దూరం కొలిచే యంత్రం, పక్కలకి రబ్బరు తెరలు అన్నీ బిగించి, ఇంకో పదిహేనేళ్ళు నడుపుతారట. అది నాకంటే వయసులో పెద్దది. నాకు మాత్రం కొత్త ఇంజను ఎవరు పెడతారు?

మేజర్ దెమ్మెలాష్ మమ్మల్ని వరసలో నిలబెట్టి చెప్పాడు. బాగుపడి వచ్చిన ట్యాంకుల డ్రైవర్లు వాటితోనే ఉంటారు. పనికిరాదని తేలిన ట్యాంకుల డ్రైవర్లలో పాతవాళ్ళని ఇంటికి పంపేస్తారు. వరసలో నాకంటే పాతవాడు లేడు.

నా చెవుల సంగతి నీకు తెలుసు. ఎడమది పూర్తిగా పోయింది. కుడి చెవిలో ఎప్పుడూ కాఫీ కాచే జెబెనా కుండ మరుగుతున్నట్టు ఒకటే రొద. ఆ ఇంజను పక్కన ఇంకొన్నాళ్ళు కూర్చుంటే ఇదీ పోతుందని డాక్టరే అన్నాడు. "అయితే ఇంటికి పంపండి సార్" అన్నాను. "డ్రైవరుకి కావాల్సింది కాళ్ళూ చేతులూనయ్యా" అన్నాడు.

ఫికిర్తె మాటలు నేర్చిందని రాశావు. బాప్తిస్మానికి వచ్చినప్పుడు నా కూతురి ఏడుపు విన్నాను. అంతే. మాట వినలేదు. కాస్త చెవి మిగిలి ఉండగానే దాని మాట వినాలి అక్కా. నాకింకేం అక్కర్లేదు. నువ్వు వెల్డింగు చేసేదానివి, నీ చేతిలో ఎంత ఉందో నాకు తెలీదు. కానీ ముసల్దాన్ని బతికించకు. దాని మానాన దాన్ని పోనీ.

అస్నాకెచ్‌ని అడిగానని చెప్పు.

నీ చెవిటి తమ్ముడు
తఫెస్సె

బిషోఫ్తు
మెస్కెరెమ్ 29

ఒరే తఫెస్సె,

బుద్ధుందా నీకు? ఇన్నేళ్ళుగా ఈ షెడ్డులో ఇనుము అతుకుతున్నాను, జెనెబెచ్ అతుకు ఊడిందని ఒక్కడూ అనలేదు. పని చెడగొట్టమని అడగడానికి నీకు నోరెలా వచ్చింది? అయినా ఏది బతకాలో ఏది పోవాలో చెప్పేది నేను కాదు, కమిటీ. అందులో మా ఇంజినీర్ లెగ్గెసె ఉంటాడు, చలిదేశం నుంచి వచ్చిన ఎర్రగడ్డం నిపుణుడు ఉంటాడు. నన్ను పిలిస్తే వెళ్ళి అతుకుతాను, లేకపోతే గుమ్మం బయట నిలబడతాను. అదీ నా అధికారం.

అలా రాశానని ముఖం ముడుచుకోకు. నువ్వు ఇంటికి రావాలని నాకు లేదా? మీ ఆవిడ అస్నాకెచ్ నా ఇంట్లో ఉంటోంది, రోజూ దాని మొహం చూస్తున్నది నేను. ఇంజెరా రొట్టెల పెనం ముందు కూర్చుని, పిండి పోసి, మూత పెట్టడం మర్చిపోతుంది. "ఏమైందే?" అంటే "పొగ వదినా" అంటుంది.

మెస్కెల్ పండగ మంట దగ్గరికి ఫికిర్తెని ఎత్తుకెళ్ళాం. మంటని చూసి "ఆర్పండి, వాళ్ళకి కాలుతోంది" అని అరిచింది. ఎవరికే అంటే చెప్పదు. మేకని "అయ్యగారూ" అని పిలుస్తోంది. మన పక్కింటి ముసలాయనకి కోపం వచ్చింది, ఆయన్ని కూడా అలాగే పిలుస్తుంది మరి.

మా షెడ్డులోంచి ఏ ట్యాంకూ సగం పనితో బయటికి పోదు. అది నా మాట. మిగతాది దేవుడి మాట.

మీ అక్క
జెనెబెచ్

జిజిగా
ట్కెమ్ట్ 20

అక్కా,

"సగం పనితో బయటికి పోదు" అని రాశావు. అర్థమైంది. నీకు నీ పనితనం ముఖ్యం. సరే, నేనేం అనను.

నిన్న ముసల్దాన్ని పెద్ద లారీ మీదికి ఎక్కించాను. నేనే నడిపి ఎక్కించాను. నేను తప్ప ఇంకెవరు తొక్కినా క్లచ్చు మాట వినదు. ఎక్కాక ఇంజను ఆపేసి, కాసేపు అందులోనే కూర్చున్నాను. మావాళ్ళు "దిగరా పెళ్ళికొడకా, అది నీ పెళ్ళాం కాదు" అని కేకలు వేశారట. వాళ్ళ నోళ్ళు కదలడం చూసి తెలుసుకున్నాను. నేను ప్రేమతో కూర్చున్నానని వాళ్ళు అనుకున్నారు. దేవుడా, ఇది ఇక తిరిగి రాకూడదు అని దణ్ణం పెట్టుకుంటున్నాను.

దాని జబ్బులన్నీ చెబుతాను, కమిటీవాళ్ళ చెవిన వెయ్యి. నూనె తాగుతుంది. ఎడమ పక్కకి లాగుతుంది. గుంటలో దిగితే కింద ఎక్కడో కీచుమని అరుస్తుంది, అది నా చెవితో వినలేదు, కాళ్ళకి తెలుస్తుంది. యుద్ధంలో మందుపాతర మీదికి ఎక్కింది కూడా. అప్పుడేదో పైపైన సర్ది మళ్ళీ పంపారు.

ఒక్క సంగతి రాయి. ఫికిర్తె గొంతు ఎలాంటిది? సన్నమా, బొంగురా?

తఫెస్సె

బిషోఫ్తు
హిదార్ 15

తమ్ముడూ,

నీ పెళ్ళాం వచ్చింది. అస్నాకెచ్ కాదు, ఆ ఇనుపది. దాన్ని లారీ మీంచి దించగానే పోల్చుకున్నాను. నీ సీటు కింద నువ్వు నమిలి పారేసిన చాట్ ఆకు కాడలు, ఉల్లిపొట్టు, ఒక చెప్పు దొరికాయి. అక్కడేమైనా కాపరం పెట్టావా? చెప్పు ఒక్కటే ఉంది, రెండోది ఎవడి నెత్తిన కొట్టావు?

నీ మాటలు నాకు గుచ్చుకున్నాయి. నాకు నా పనితనం ముఖ్యమట. చచ్చిపోయిన మన అమ్మ మీద ఒట్టు, నువ్వు చెప్పిన జబ్బులన్నీ కమిటీకి చెప్పాను. ఏం జరిగిందో తెలుసా? లెగ్గెసె సంతోషపడిపోయాడు. "డ్రైవరు ఇంత శ్రద్ధగా చెప్పడం మంచిదమ్మా, ఎక్కడ పని చెయ్యాలో తెలిసిపోయింది" అన్నాడు. నూనె తాగే ఇంజను ఎలాగూ తీసి పారేస్తారు. ఎడమకి లాగే బ్రేకులకి కొత్తవి వచ్చి ఉన్నాయి. ఎర్రగడ్డం దాన్ని చేత్తో తట్టి ఏదో అన్నాడు, దుబాసీ "గట్టి సరుకు" అన్నాడని చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది.

మేం ట్యాంకుని రెండు భాగాలుగా చెప్పుకుంటాం. కింది పెట్టెని ఒళ్ళు అంటాం, పైన ఫిరంగితో తిరిగేదాన్ని తల అంటాం. నీదాని తల అప్పుడే ఊడదీసి అవతలి షెడ్డుకి పంపారు. ఒళ్ళు నా ముందుంది. కడగాలి, బురద గీకాలి, పాత రంగు లేపాలి. ఆ తర్వాతగానీ దాని అసలు ఆరోగ్యం తెలియదు. ఇంకా ఆశ వదులుకోకు.

గొంతు ఎలాంటిదో రాయమన్నావు. ఈ రోజంతా అదే ఆలోచిస్తున్నాను. దాని మాటలైతే రాయగలను గానీ గొంతుని కాగితం మీద ఎలా పెట్టనురా? నీ ఉత్తరం చదివి వినిపించాక అస్నాకెచ్ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని "మాట్లాడు, మాట్లాడు" అంది. అది మాట్లాడలేదు. తల్లి మొహం చూసి ఏడ్చింది.

జెనెబెచ్

జిజిగా
తాహ్సాస్ 22

అక్కా,

కొత్త బ్రేకులట, కొత్త ఇంజనట. నువ్వు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదే. నేను చెప్పిన జబ్బులన్నీ వాళ్ళకి చెప్పి, దాన్ని పెళ్ళికూతురిలా తయారు చేయిస్తున్నావు. నీకు చెప్పడం నాదే బుద్ధితక్కువ.

కుడి చెవికి దూరం నుంచి పిలిస్తే అందడం లేదు. మొన్న వంటవాడు నా వెనక నిలబడి అన్నానికి పిలిచి పిలిచి, చివరికి గరిటెతో భుజం మీద కొట్టాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంకేం రాయను.

తఫెస్సె

బిషోఫ్తు
తిర్ 16

తమ్ముడూ, నా బంగారు తమ్ముడూ,

కూర్చుని చదువు. మూడు వందల పదిహేడు చచ్చింది!

తిమ్కెత్ పండగకి ముందు రోజు దాని ఒళ్ళంతా గీకి శుభ్రం చేశాం. పగుళ్ళు వెతకడానికి మాకో పద్ధతి ఉంది. ఎర్రటి నూనెలాంటి ద్రవం పూసి, తుడిచేసి, పైన తెల్లటి పొడి జల్లుతాం. ఎక్కడైనా కంటికి కనపడని పగులుంటే అందులో దాక్కున్న ఎరుపు బయటికి వచ్చి తెల్లపొడి మీద గీతలా తేలుతుంది. నీదాని అడుగుకి, చక్రాల కడ్డీలు దూరే చోట, పూశాను. తుడిచాను. పొడి జల్లాను. జల్లిన చోటల్లా ఎర్రగీతలే తేలాయిరా! ఆ మందుపాతర దాన్ని లోపల్లోపలే చంపేసింది. నీ కాళ్ళకి తెలిసిన కీచు అదే.

లెగ్గెసె చూసి నోరు తెరిచాడు. "అతకగలవా జెనెబెచ్?" అన్నాడు. "అతకొచ్చు సార్, గుంటలో పడగానే పక్కన ఇంకోచోట విడిపోతుంది" అన్నాను. అబద్ధం కాదు, నిజం. ఎర్రగడ్డం కూడా వంగి చూసి తల అడ్డంగా ఊపాడు. పచ్చరంగుతో దాని ముందు భాగాన పెద్ద ఇంటూ గుర్తు గీశారు. నాలుగు రోజుల తర్వాత గ్యాసు మంటతో కోసెయ్యమన్నారు. నేనే కోశాను. అతికేదాన్ని, కొయ్యడం నాకు ఇష్టం ఉండదు. ఆ రోజు మాత్రం పాట పాడుకుంటూ కోశాను.

ఇంటికొచ్చి అస్నాకెచ్‌కి చెప్పాను. పొయ్యి మీద పెనం దించేసి, పిల్లని ఎత్తుకుని చెరువు గట్టు దాకా నడిచి వెళ్ళి వచ్చింది. వచ్చాక కాఫీ వేయించింది. మూడో విడత దాకా తాగాం, పొరుగువాళ్ళందరినీ పిలిచాం.

పెట్టె సర్దుకో. నన్ను తిట్టిన తిట్లన్నీ వచ్చాక మోకాళ్ళ మీద కూర్చుని వెనక్కి తీసుకుందువుగాని.

నీ అక్క, ఇవాళ నీకంటే సంతోషంగా ఉన్నది,
జెనెబెచ్

జిజిగా
యెకాతిత్ 10

అక్కా! అక్కా! అక్కా!

నీ ఉత్తరం మావాళ్ళతో గట్టిగా చదివించుకున్నాను, నాకు వినపడకపోయినా సరే. మోకాళ్ళ మీద ఏం ఖర్మ, నేల మీద పడుకుని వెనక్కి తీసుకుంటాను.

ఉపవాసాలు మొదలయ్యేలోగా విందు ఇవ్వాలని మేకని కొనిచ్చాను. ఈసారి ఎముకలు వాళ్ళకి, మాంసం నాకు. నా దుప్పటి కొత్త కుర్రాడికి ఇచ్చేశాను. నా కిరోసిన్ స్టవ్ వంటవాడికి, గరిటె దెబ్బకి కృతజ్ఞతగా. మంచం కూడా ఒకడు అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు నేల మీద పడుకుంటున్నాను, ఎంత సుఖంగా ఉందో.

మేజర్ దగ్గరికి వెళ్ళి నా ట్యాంకు పోయిందట సార్ అని చెప్పాను. "నాకు కాగితం రాలేదు" అన్నాడు. "వస్తుంది సార్, మా అక్కే కోసింది" అన్నాను. ఆయన నవ్వి భుజం తట్టాడు.

ఫికిర్తె పాదం కొలత ఒక దారం ముక్కకి పట్టి పంపు. ఇక్కడ హరార్ తోలుతో చెప్పులు కుట్టేవాడు ఉన్నాడు. నేను గుమ్మంలోకి రాగానే నాకు కుడిపక్కన నిలబడి మాట్లాడమని దానికి నేర్పించండి. దగ్గరగా మాట్లాడితే ఇంకా అందుతుంది. మర్చిపోకు, కుడిపక్కన.

నీ తమ్ముడు
తఫెస్సె

బిషోఫ్తు
మెగాబిత్ 18

తమ్ముడూ,

ఉత్తరం అందింది. దారం ముక్క ఇందులో పెట్టాను.

వస్తువులు ఇచ్చెయ్యడంలో అంత తొందర దేనికి? మంచం అడిగి వెనక్కి తీసుకో. ప్రభుత్వం కాగితాల సంగతి నీకు తెలియదా? ఇక్కడ కూడా ఇల్లు ఇరుకు, వానల్లోపు కప్పు రేకులు మార్పించాలి, అన్నిటికీ కాస్త వ్యవధి కావాలి. అస్నాకెచ్‌తో మరీ తారీకులు చెప్పుకోకండి.

ఉపవాసం కదా, ఒంట్లో ఓపిక లేదు. రోజూ షిరో పిండి పులుసే.

జెనెబెచ్

జిజిగా
మియాజియా 25

జెనెబెచ్‌కి,

ఉపవాసాలు విడిచే ఫాసికా పండగ మర్నాడు పెద్ద లారీల మీద ట్యాంకులు దిగాయి. మమ్మల్ని వరసగా నిలబెట్టి ఎవరిది వాళ్ళకి అప్పగించారు. మూడు వందల పదిహేడు అని మేజర్ పిలిచాడట. నేను కదల్లేదు. వినపడక కదల్లేదని పక్కవాడు నన్ను తోశాడు. వెళ్ళి చూశాను. కొత్త రంగు, రబ్బరు తెరలు, కొత్త ఇంజను. ముందు భాగాన నంబరు రేకు. దాని చుట్టూ నీ అతుకు. ఆ చేపపొలుసు వరస నాకు తెలియదా? మన ఇంటి గేటుకి అదే ఉంది.

చచ్చిందన్నావు. నీ చేత్తో కోశానన్నావు. పాట పాడానన్నావు. ఎందుకు చెప్పావు ఆ అబద్ధం? ఇల్లు ఇరుకని రాశావుగా, అప్పుడే నాకు అర్థం కావాల్సింది. నేను వస్తే నీకు ఇరుకు. అస్నాకెచ్, పిల్లా అయితే సరిపోతారు. చెవిటివాడు ఒకడు ఇంట్లో ఎందుకు?

అభినందనలు. పని బ్రహ్మాండంగా ఉంది. ఇంకో పదిహేనేళ్ళు ఢోకా లేదని మేజర్ అన్నాడు.

కుర్రాడు నా దుప్పటి తిరిగి ఇచ్చాడు. నేను అడగలేదు. వాడికే జాలేసింది.

తఫెస్సె

బిషోఫ్తు
గిన్బోత్ 17

తఫెస్సె,

ఏం అనాలనుకుంటే అది అను. కానీ ముందు ఇది చదువు.

నేను నీకు చెప్పింది ప్రతి అక్షరం నిజం. నీ ట్యాంకుని కోశాను. దాని ముక్కలు ఇప్పటికీ ప్రహరీ పక్కన గుట్టగా ఉన్నాయి, వచ్చి చూసుకో. నాకు తెలియనిది ఒకటుంది. ట్యాంకుని విప్పగానే నంబరు రేకు ఊడదీసి షెడ్డు గోడకున్న తీగకి తగిలిస్తాం. పనయ్యాక మళ్ళీ బిగిస్తాం. చచ్చినదాని రేకు పాత ఇనుములోకి పోతుందనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఇంతవరకూ మా షెడ్డులో ఏదీ చావలేదు, చస్తే ఏం చేస్తారో నాకెలా తెలుస్తుంది?

మెగాబిత్‌లో ఎక్కడో డిపోలో ఎండకి పడి ఉన్న నంబరు లేని ఒళ్ళు రెండు తెచ్చారు. లెగ్గెసె తీగ మీంచి నీ రేకు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది చచ్చింది కదా సార్" అన్నాను. "కాగితం మీద ఏదీ చావలేదమ్మా. ఎన్ని నంబర్లు తీసుకున్నామో అన్నీ తిరిగి ఇవ్వాలి. లేకపోతే ట్యాంకు ఏం చేశావురా అని నన్ను అడుగుతారు" అన్నాడు. నీ సంగతి చెప్పాను. కాళ్ళు పట్టుకున్నాను, నిజంగానే పట్టుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "నువ్వు వెయ్యకపోతే ఇంకొకడు వేస్తాడు జెనెబెచ్. నువ్వూ ఇంటికి పోతావు. అప్పుడు మీ మరదలికీ పిల్లకీ ఎవరు పెడతారు?" అన్నాడు. నేనేం చెయ్యనురా? చెప్పు, నా చోట నువ్వుంటే ఏం చేసేవాడివి?

ఒక్క పని మాత్రం చేశాను. ఆ రెండు ఒళ్ళకీ ఎర్రద్రవం పూసి అంగుళం అంగుళం వెతికాను. ఒకదానికి ఎక్కడా గీత తేలలేదు. నీ రేకు దానికి వేశాను. నా తమ్ముడు ఎలాగూ ఇనుములో కూర్చోవాలంటే మంచి ఇనుములో కూర్చోవాలని. రేకు అతికేటప్పుడు ముసుగు లోపల నాకు ఏమీ కనపడలేదు. అతుకు బాగా వచ్చిందని నువ్వే రాశావు, చేతికి అలవాటైపోయింది, ఏడుస్తున్నా అది దాని పని చేసుకుపోయింది.

ఇల్లు ఇరుకని రాసింది నీకు నిజం చెప్పే ధైర్యం లేక. కాగితం ముందు పెట్టుకుని కూర్చుని, నోటికొచ్చిన సాకు రాశాను. నా ఇంట్లో నీకు చోటు లేకపోవడమేమిట్రా? ఆ గోడలు పడగొట్టి నిన్ను పడుకోబెడతాను.

అస్నాకెచ్ నాతో మాట్లాడటం మానేసింది. మంచినీళ్ళు కూడా పిల్లచేత పంపిస్తోంది. పక్కింటివాళ్ళ టేప్ రికార్డరు తెచ్చి ఒక క్యాసెట్ నింపింది. "ఆయనకి వినపడదే, ఎందుకే?" అన్నాను. నా మొహం చూడకుండా "మీరు పంపండి" అంది. పంపుతున్నాను.

నీ అక్క, నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా,
జెనెబెచ్

జిజిగా
సెనే 21

అక్కా,

నా ఉత్తరం చింపేసి పొయ్యిలో పడెయ్. అది రాసినవాడు మనిషి కాదు. అస్నాకెచ్‌తో చెప్పు, అక్క మీద కోపం ఉంటే అది నా మీద చూపించమను, నేను దూరంగా ఉన్నాను కాబట్టి దెబ్బ తగలదు. నీతో మాట్లాడమను. ఇది నా మాటగా చెప్పు.

నువ్వు ఎంచిన ఒళ్ళు మంచిది. గుంటల్లో దిగినా కాళ్ళకి ఏమీ తెలియడం లేదు.

చెవుల సంగతి. కుడిది కూడా పోయింది, ఇక దాచడం ఎందుకు. పక్కన నిలబడి అరిచినా అందదు. విడుదలకి మళ్ళీ దరఖాస్తు పెట్టాను. డాక్టరు పరీక్ష ట్యాంకులోనే పెట్టాడు. ఈ బాగుచేతలో మాకు చెవుల మీద స్పీకర్లున్న కొత్త టోపీలు ఇచ్చారు. అందులో కమాండరు మాట పెద్దదై, ఎముకని తాకేంత గట్టిగా వస్తుంది. డాక్టరు పైన కూర్చుని మైకులో "నీ పేరేంటి?" అన్నాడు. నాకు వినపడింది అక్కా. ఎన్నాళ్ళకో ఒక మనిషి మాట వినపడింది. ఆ సంతోషంలో ముందూ వెనకా చూసుకోకుండా "తఫెస్సె సార్!" అని అరిచేశాను. ఆయన కాగితం మీద పనికొస్తాడు అని రాసి సంతకం పెట్టేశాడు. చెవిటివాడిలా ఊరుకోవాల్సింది. ఊరుకోలేకపోయాను.

నీ క్యాసెట్ వచ్చింది. సిగ్నల్ సార్జెంటుని బతిమాలితే, టేప్ రికార్డరు తెచ్చి, దాని తీగ ట్యాంకులో మైకు చోట కలిపాడు. నేను నా సీట్లో కూర్చుని టోపీ పెట్టుకున్నాను.

బొంగురు గొంతు అక్కా. మన అమ్మది. నువ్వు రాయలేకపోయావు, నాకిప్పుడు అర్థమైంది, నేనూ రాయలేను. అస్నాకెచ్ "నాన్నతో మాట్లాడు" అంటుంది. అది "నాన్న ఇందులో ఉన్నాడా?" అని పెట్టెని కొడుతుంది. తర్వాత రొట్టె అడుగుతుంది. ఇస్తే పెద్దది కావాలంటుంది. ఆ తర్వాత మేకని అయ్యగారూ అని పిలుస్తుంది. అంతే ఉంది. సార్జెంటు రోజూ పని అయ్యాక నన్ను కాసేపు వదిలేస్తాడు. అరిగిపోతుందేమో అని భయంగా ఉంది.

ఈ టోపీ ఒకటి ఇప్పించండి, ఇంటికి పట్టుకెళ్తాను అని మేజర్‌ని అడిగాను. "దాని తీగ ట్యాంకులోకి ఉందయ్యా, ట్యాంకు లేకపోతే అది ఉత్త రబ్బరు" అని కాగితం మీద రాసి చూపించాడు. దాని కింద "కావాలంటే ట్యాంకుతో సహా తీసుకెళ్ళు" అని కూడా రాశాడు. నవ్వించడానికే రాశాడు, మంచివాడే.

వచ్చే నెల, హమ్లేలో సెలవు ఇచ్చారు. వస్తున్నాను. చెప్పులు తెస్తున్నాను, కొలత పెరిగి ఉంటుందని కాస్త వదులుగా కుట్టించాను.

నాకు ఒక సాయం చెయ్యి. పక్కింటివాళ్ళ టేప్ రికార్డరు నేనున్నన్ని రోజులూ అడిగి తెచ్చి పెట్టు. ఖాళీ క్యాసెట్లు నేను తెస్తాను. ఫికిర్తెని నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను. అది నాతో మాట్లాడుతున్నంతసేపూ, నేను తల ఊపుతూ ఉంటాను, నువ్వు పక్కన కూర్చుని అంతా పట్టు. ఏదీ వదిలెయ్యకు. అది నాతో ఏమందో ఇక్కడికి తిరిగి వచ్చాక వింటాను.

నీ తమ్ముడు
తఫెస్సె